కొండలెక్కిన మూన్

సిల్వియా టీచరుకి ఆ వేళ తిక్కరేగింది. వారం నుంచి మొత్తుకుంటున్నా రెండో తరగతి పిల్లలు ‘మూన్’ని ‘మున్’ అనే తేల్చేస్తున్నారు.

“రెండు ‘ఓ’లు పక్కపక్కన వస్తే సాగదీయాలర్రా! అవతలి కొండ మీదున్న అమ్మని ఎలా కేకేస్తారు? అలాగ!”

అంతే. గుంటలందరూ కిటికీలకి ఎగబడి, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని “మూ... ఊ... ఊన్!” అని అరిచారు.

అవతలి కొండ నుంచి “ఊ... ఊ!” అని బదులొచ్చింది. ఆ పై కొండ నుంచి ఇంకొకటి. అక్కడ సాగదీసిన కేకంటే ఆపదొచ్చింది, పరుగెత్తుకు రమ్మని. మైదాన ప్రాంతం నుంచి వచ్చిన సిల్వియాకి అదేం తెలుసు! తెలిసిన పిల్లలు మాత్రం బెంచీల మీద పడి దొర్లి నవ్వుతున్నారు.

కాసేపటికి కాఫీ పళ్లు కోసేవాళ్లంతా నడుముకి కట్టిన బుట్టలతోనే, కత్తులు పట్టుకుని, రొప్పుతూ బడి ముందు వాలారు.

“ఏటైంది టీచరమ్మా? పామా, ఎలుగుబంటా?” అంది అందరికంటే ముందొచ్చిన యర్రమ్మ.

“చందమామండీ...” నసిగింది సిల్వియా.

సంగతి తెలిశాక నవ్వని మనిషి లేడు. సిల్వియాకైతే నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి.

“తప్పు నాదే. రేపట్నుంచి పొట్టి ‘ఉ’ నేర్పుతాలెండి.”

“వద్దమ్మా,” అంది యర్రమ్మ చెమట తుడుచుకుంటూ, “పొట్టిగా పిలిస్తే ఎవులొస్తారు?”