పెన్‌డ్రైవ్‌కు ప్రమాణం

ఈశ్వర్ బండి తీశాడంటే చాలు, లారీ కింద పడ్డట్టే లెక్క సుంకులమ్మకు. ఫోను ఎత్తకపోతే ఆస్పత్రిలో ఉన్నట్టు, ఎత్తితే ఏదో దాస్తున్నట్టు. అలాంటి తల్లికి, కొడుకు జమ్మలమడుగు పోయివచ్చిన రోజు మాత్రం ఏ కీడూ తోచలేదు. వాడు అంత సంతోషంగా వచ్చాడు.

తొండూరు దగ్గర గొర్రెలమ్ముకుని ప్రొద్దుటూరు చేరిన కుటుంబం వాళ్లది. బాలసుబ్రహ్మణ్యం శెట్టి బట్టల అంగడి మిద్దె మీద జాకెట్లకు పూలు కుట్టే పాత కంప్యూటర్ మిషన్ ఉంది. ఈశ్వర్ దాన్ని నడిపేవాడు. సుంకులమ్మ పక్కన కూర్చుని దారపు కొసలు కత్తిరించేది. నెమళ్లు, మామిడి పిందెలు, కలశాలు, డిజైన్లన్నీ ఫ్లాపీల్లో ఉండేవి. సరిగ్గా పెళ్లిళ్ల కాలంలో ఫ్లాపీ పెట్టే చోటు పాడైపోయి మిషన్ మూలనపడింది.

జమ్మలమడుగులో ఇలాంటి మిషనే నడిపే లాల్ బాషా ఆ ఫ్లాపీ భాగం పీకేసి, అదే సందులో పెన్‌డ్రైవ్ పెట్టే డబ్బా బిగించుకున్నాడని తెలిసి, ఈశ్వర్ ఫ్లాపీలన్నీ మూటగట్టుకుని పోయాడు. అక్కడున్న పాత కంప్యూటర్ మీద డిజైన్లన్నీ ఒక్క పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చాడు, ఫ్లాపీకొక నంబరు చొప్పున. డబ్బా తెప్పించి తనే బిగించాడు. నంబరు నొక్కగానే మిషన్ నెమలిని కుట్టసాగితే శెట్టి వాడి భుజం తట్టాడు. పని తీరిన ఫ్లాపీలను శెట్టి కొడుకు శరత్ చంద్ర పాత సామాన్లవాడికి వేసేశాడు.

పది రోజులు బాగానే నడిచింది. ఒక ఉదయం తల్లీకొడుకులు పనికి వచ్చేసరికి శరత్ చంద్ర పెన్‌డ్రైవ్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏంరా, డిజైన్లు యాడ? నా లాప్‌టాప్‌లో పెడితే ఒకటీ లేదు."

"లాప్‌టాప్‌లో అట్ల కనపడవు అన్నా. మిషన్‌కు పెట్టు, వస్తాయి."

మిషన్‌కు పెట్టారు. ఏ నంబరు నొక్కినా సూది కదలలేదు. ఈశ్వర్ పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టి చూశాడు.

"అన్నా, నువ్వు లాప్‌టాప్‌లో ఏమన్నా నొక్కినావా?"

"నా మీదికే తోస్తాండావే! లాల్ బాషాకు అమ్ముకొని, ఈడ తుడిచేసినావు. వాని కంప్యూటర్ మీదనే గదరా ఎక్కించింది?"

కింద చీరలు చూస్తున్న ఆడవాళ్లు కూడా మెట్లెక్కి వచ్చారు. శెట్టి అరవలేదు. అమ్మవారి పటం ముందు పళ్లెంలో కర్పూరం వెలిగించాడు.

"అరుపులెందుకప్పా? తీసుకోలేదని ప్రమాణం చేసి ఈ కర్పూరం ఆర్పు. రేపట్నుంచి మళ్లీ పనిలోకి రా. నేను మాట తప్పను."

ఈశ్వర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చెయ్యి చాచాడు.

సుంకులమ్మకు లోకమంతా ఆ మంటలోనే కనిపించింది. తన మేనమామ పొలంగట్టు తగాదాలో కర్పూరం ఆర్పి, సంవత్సరం తిరక్కుండా కళ్లు పోగొట్టుకున్నాడు. ఆయనదే న్యాయమని ఊరంతా అనేది. వీడు తెలియక ఒక్క డిజైను అక్కడ వదిలి వచ్చి ఉంటే? లాల్ బాషా వీడి చాటున తీసుకుని ఉంటే? అమ్మవారు అవన్నీ అడుగుతుందా?

"వద్దు నాయనా!" అని వాడి చెయ్యి రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగింది. "వద్దు, ఆర్పద్దు!"

"వదుల్మా! నేను తీసుకోలే!"

"నీ కండ్లు పోతే నేనేం జేయాల్రా?"

కర్పూరం దానంతట అదే కాలిపోయింది. చూస్తున్న ఆడవాళ్లలో ఒకామె పెదవి విరిచింది.

"కన్నతల్లికి తెలీదా కొడుకు సంగతి!"

సాయంత్రానికి ఆ మాట ప్రొద్దుటూరు అంగళ్లన్నీ తిరిగింది. పులివెందులకు పోయి పని అడిగితే అక్కడా, "కర్పూరం ఆర్పలేనోడివి నువ్వే గదా?" అని నవ్వి పంపారు. ఈశ్వర్ ఒక మిల్లులో పత్తి మూటలు మోయడానికి కుదిరాడు.

నెల గడిచాక సుంకులమ్మ శెట్టి కాళ్ల మీద పడదామని పోయింది. ఆయన గల్లాపెట్టె దగ్గర తాంబూలం వేసుకుంటూ తాపీగా చెప్పాడు.

"మావాడే చెరిపినాడంట. లాప్‌టాప్ ఏందో అడిగితే చదవకుండా సరే అని నొక్కినాడు. మొన్న చెప్పినాడు."

"అయితే నా కొడుకు..."

"నీ కొడుకు చేసిందేమీ లేదు."

"అట్లయితే నలుగురిలో ఆ మాట చెప్పు సామీ! నీకు పుణ్యముంటాది!"

శెట్టి నవ్వాడు. "నలుగురి ముందర వాని చెయ్యి పట్టి లాగింది నేనా, నువ్వా? నువ్వే నమ్మకపోతివి, ఊరికి నేనేం చెప్పేది? ఇంగ వినుకో. ఈ సంగతి తెలిసి వాడు ఈడికొచ్చి గలాటా చేసినాడో, ఒక్క ఫోనుతో దొంగతనం కేసు పెట్టిస్తా. స్టేషన్లో ఎట్లుంటాదో నీకు తెలుసో లేదో."

ఇంటికి చేరేలోపే ఆమె కళ్ల ముందు కొడుకును స్టేషన్లో తలకిందులుగా వేలాడదీశారు, కొట్టారు, ముసుగు కప్పి బయటికి తెచ్చారు.

ఈశ్వర్ భుజాలు కొట్టుకుపోయి వచ్చాడు. అన్నం కలుపుతూ తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు.

"మా, నాకొగటి తోస్తాంది. ముందురోజు మిషన్ ఆపేటప్పుడు నేనే యాడో తప్పు నొక్కింటా. అందరినీ ఆడిపోసుకుంటాండా గాని, పోగొట్టింది నేనేనేమో. ఏమంటావు?"

సుంకులమ్మ వాడి పళ్లెంలో ఇంకో గరిటె పప్పు వేసింది. వాడు తలెత్తి చూశాడు.

"అయ్యుంటాది నాయనా," అంది. "తిను."