పళ్ళెం రెండో వైపు

మంచు దిమ్మను కొక్కెంతో లాగి, ఊక దులిపి, గునపం మొనతో నడిమధ్యన ఒక్క పోటు పొడిస్తే అది రెండుగా విడిపోవాలి. వంకరగా పగిలిందంటే ఆ రోజు సత్తియ్య మనసు మనసులో లేదని లెక్క. ఆ వేళ దిమ్మలన్నీ వంకరగానే పగిలాయి. నరసాపురం రేవు దగ్గరి ఐసు ఫ్యాక్టరీలో మీసం రాకముందు చేరినవాడు, ఇప్పుడా మీసం నెరిసినవాడు, ఐసు పగలగొట్టడం తప్ప ఇంకో పని ఎరగడు. అరచేతులు ఏనాడో తెల్లబడి మొద్దుబారిపోయాయి. అయినా చేపల పెట్టె మీద చెయ్యి ఆనించాడంటే లోపలి సరుకు సంగతి చెప్పేసేవాడు. చల్లగా ఉంటే మంచిది, వెచ్చబడితే పాడైంది. సత్తియ్యకున్న లోకజ్ఞానం దాదాపు ఇంతే. దాంతోనే ఇన్నేళ్ళూ ఏ లోటూ లేకుండా నెట్టుకొచ్చాడు.

ఎండెక్కకముందే చేతులు కడుక్కుని, మడిచి తెచ్చుకున్న తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నావా ఏంటని తోటివాళ్ళు ఆట పట్టించారు. ఇంట్లోదానికి మిషనొకటి కొనాలి, పాలకొల్లు దాకా వెళ్ళొస్తానని చెప్పి బస్సెక్కాడు. పాత చీర ముక్కలో చుట్టిన గుండ్రటి వస్తువు చంకలో ఉంది. నిలబడాల్సి వచ్చినా దాన్ని ఎవరి ఒళ్ళోనూ పెట్టలేదు.

అది పళ్ళెం. లేజర్ డిస్కు అనాలని తర్వాత ఎవరో చెప్పారుగానీ, సత్తియ్య భార్య సత్యకుమారి మస్కట్ నుంచి వస్తూ దాన్ని పళ్ళెమనే తెచ్చింది, మొగల్తూరులో వాళ్ళ వీధి వీధంతా పళ్ళెమనే పిలిచింది. అన్నం తినే కంచమంత ఉండి తళతళా మెరుస్తుంది, మిషన్లో వేస్తే టీవీలో సినిమా పడుతుంది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫు వెళ్తున్న రోజుల్లో, రెండేళ్ళలో వచ్చేస్తానని సత్యకుమారీ వెళ్ళింది. పిల్లలు లేరు, వెనక్కి లాగేవాళ్ళు లేరు. ఇంటికి డాబా వచ్చింది, టీవీ వచ్చింది, ఫ్యానొచ్చింది, మనిషి మాత్రం రాలేదు. గుండె బలహీనపడింది, ఇక పని చెయ్యకూడదని అక్కడి డాక్టరు చెప్పాక వచ్చింది.

వచ్చిన రోజున స్టేషన్లో సత్తియ్య ఆమెను దాటుకుని ముందుకు వెళ్ళిపోయాడు. తన ఊహలో ఉన్న మనిషి వేరు, పెట్టె మీద కూర్చున్న ఈ పాలిపోయిన పెద్దావిడ వేరు. వెనకనుంచి “మావా” అని పిలిస్తే గానీ తెలియలేదు. సత్యకుమారి ఆ సంగతి వీధిలో అందరికీ చెప్పి నవ్వింది. సత్తియ్య కూడా నవ్వాడుగానీ, ఆ రోజు మొదలు ఆ ముల్లు అతని లోపలే ఉండిపోయింది.

మస్కట్లో ఆమె పని ఒక ముసలావిడను చూసుకోవడం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ పళ్ళెం వేయించుకుని సినిమా చూస్తూ పడుకునేది, సత్యకుమారి కాళ్ళు పట్టేది. ఒక వైపు అయిపోగానే లేచి పళ్ళెం తిప్పి పెట్టడం కూడా సత్యకుమారి పనే. అన్ని సినిమాలూ అలా తిప్పింది, ఈ ఒక్కటి తప్ప. ఆవిడ ఇష్టపడి మళ్ళీ మళ్ళీ వేయించుకునేది ఈ పళ్ళేన్నే. ఇందులో ఒకామె ఓడలో వస్తుంటుంది. గాలివాన, పొగమంచు, ఎడతెగని సముద్రం. చివరికి ఓడ ఒడ్డుకు చేరుతుంది. ఒడ్డున లాంతరు పట్టుకుని ఒకాయన నిలబడి ఉంటాడు. ఆమె దిగి ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఆయన లాంతరెత్తి ఆమె ముఖంలోకి చూస్తాడు. అంతే, ఏవో అక్షరాలు పైకి పాకడం మొదలవుతుంది. అప్పటికి ముసలావిడ గురక పెడుతూ ఉండేది. యజమానురాలు నిద్రపోయాక పనిమనిషి కూర్చుని సినిమా చూస్తే ఎవరూరుకుంటారు? మిషను ఆపేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఆయన ఆమెను గుర్తుపట్టాడా లేదా అన్నది సత్యకుమారికి అక్కడున్నన్నాళ్ళూ తేలలేదు. అక్షరాలు పడ్డాయంటే అయిపోయినట్టే కదా అని సత్తియ్య ఒకసారి అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. పేర్లు పడేది సినిమాకు ముందు. అయిపోతే శుభం పడుతుంది. శుభం పడలేదంటే మిగతా సగం రెండో వైపు ఉన్నట్టే. సత్తియ్యకూ అది నిజమేననిపించింది. అతను చూసిన ప్రతి సినిమాకీ శుభం పడింది మరి. వచ్చేటప్పుడు ముసలావిడ ఏం కావాలంటే ఆమె ఈ పళ్ళెం అడిగి తెచ్చుకుంది. ఈ మధ్య పది అడుగులు వేస్తే ఆయాసం. రెండో వైపు చూడాలని వారంగా అడుగుతోంది. సత్తియ్యకు కూడా చూడాలనే ఉంది. ఆ లాంతరాయన గుర్తుపడితే చాలునని అతని ఆశ.

పాలకొల్లులో బుజ్జిబాబుది గల్ఫ్ సామాన్ల కొట్టు. జనం తెచ్చి వాడి వదిలేసినవన్నీ అక్కడికే చేరతాయి. అరచేతిలో పట్టే సీడీలొచ్చాక ఇంతేసి పళ్ళేలు వేసేవాళ్ళు లేరని, పాత మిషన్లు రెండు మూల పడి ఉన్నాయని చెప్పి, దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లది, పెద్దది. రెండోది బూడిద రంగుది. పళ్ళెం వేసి బొమ్మ పడగానే సత్తియ్య కంగారుగా ఆపించాడు. ఇంట్లోదాని కన్నా ముందు తను చూడకూడదు. బొమ్మ పడుతోందని తెలిస్తే చాలన్నాడు. తర్వాత రెండింట్లోనూ కొట్లో పళ్ళేలు వేయించి, కాసేపు తిరగనిచ్చి, ఒక్కోదాని మీదా అరచెయ్యి ఆనించాడు. నల్లది వెచ్చబడింది. బూడిద రంగుది చల్లగా ఉంది. మిషనన్నాక వేడెక్కుతుందని బుజ్జిబాబు ఎంత చెప్పినా అతని ముఖం విచ్చుకోలేదు.

“నల్లది తీసుకోండి బాబాయ్. రెండు వైపులూ అదే చదువుకుంటుందండి. మధ్యలో మనిషి లేవక్కర్లేదు.”

“మరి ఇంకోదో?”

“దానికి లేచి తిప్పాలండి.”

సత్తియ్య బూడిద రంగుదాని మీద మళ్ళీ చెయ్యి వేశాడు. ఇన్నేళ్ళూ సత్యకుమారి ఎవరికోసమో లేచి తిప్పింది. ఆ ఏళ్ళలో తను ఆమెకు ఒక మంచినీళ్ళ గ్లాసు అందించి ఎరగడు.

“తిప్పేదే ఇవ్వండి. తిప్పడానికి నేనున్నానుగా” అన్నాడు.

ఇంటికి చేరేసరికి దీపాల వేళయింది. సత్యకుమారి తల దువ్వించుకుని, మంచం మీద దిండ్లకు చేరగిలబడి ఉంది. పక్కింటి సంపూర్ణమ్మ తీగలు కలపడం చూసి, పళ్ళెం తిరగడం చూసి ముచ్చటపడి, పొయ్యి మీద అన్నం గుర్తొచ్చి వెళ్ళిపోయింది. సత్తియ్య మిషను పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఓడలో ఆమె, గాలివాన, పొగమంచు. ఆ భాష ఏదో ఇద్దరికీ తెలియదు. కానీ సత్యకుమారి ప్రతి మాటకూ తెలుగు చెబుతోంది. అక్కడ ఒంటరిగా కాళ్ళు పడుతూ కల్పించుకున్న మాటలవి. ఓడలో ఆమె రొయ్యల పులుసు గురించి మాట్లాడింది, ఇంటి ముందు మునగచెట్టు గురించి అడిగింది. సత్తియ్య నవ్వాపుకోలేకపోయాడు. ఒడ్డున లాంతరుతో ఆయన కనబడగానే ఆమె గొంతు తగ్గించింది.

“ఈయనకి నీ పేరే పెట్టుకున్నాను మావా. రోజూ వచ్చి నిలబడేవాడివి.”

 తెర మీద ఆయన లాంతరెత్తాడు, ముఖంలోకి చూశాడు, అక్షరాలు పైకి పాకాయి.

“నేను నిన్ను గుర్తుపట్టలేదే” అన్నాడు సత్తియ్య, తెరవైపే చూస్తూ.

“ఈయన పడతాడులే. తిప్పు.”

మీట నొక్కితే మిషను సొరుగు బయటికి వచ్చింది. పళ్ళెం అంచుల మీద పట్టుకుని, ఆమె చెప్పినట్టే వేలిముద్ర పడకుండా, నెమ్మదిగా తిప్పి పెట్టాడు. సొరుగు లోపలికి తోసి వెయ్యనా అని అడిగాడు. జవాబు రాలేదు. తల దిండు మీద పక్కకు వాలి ఉంది. మస్కట్ ముసలావిడలాగే ఈమె కూడా నిద్రపోయిందనుకుని, లేచాక వేద్దామని మీట మీద నుంచి వేలు తీసేశాడు. బాగా పొద్దుపోయేదాకా ఆగి, దుప్పటి కప్పబోతే ఆమె చెయ్యి తగిలింది. లోకంలో ఏ చల్లదనమైనా మంచిదేనని నమ్మిన అరచెయ్యి అది. ఈ చల్లదనాన్ని అది పోల్చుకోలేక చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

మైల రోజుల్లో ఆ ఇంట్లో టీవీ పెట్టలేదు. పెద్దకర్మ అయ్యాక సంపూర్ణమ్మే చెప్పింది, ఆవిడ చూడాలనుకున్నది నువ్వన్నా చూస్తే ఆవిడ చూసినట్టేనని. సత్తియ్య మీట నొక్కాడు. నీలం తెర మీద ఇంగ్లీషులో ఒక్క వరస అక్షరాలు వచ్చి నిలిచాయి, ఎంతసేపున్నా కదల్లేదు. మిషను చెడిందనుకుని మర్నాడు పళ్ళెంతో సహా పాలకొల్లు మోసుకెళ్ళాడు.

బుజ్జిబాబు తెర మీది వరస చదివాడు. ఈ వైపు ఏమీ లేదు, దయచేసి రెండో వైపు వెయ్యండి అని ఉందట. పళ్ళెం బయటికి తీసి నడుమ కాగితం మీది అంకె చూశాడు.

“ఇది రెండో పళ్ళెమండి. సినిమా ఆ వైపుతోనే అయిపోయింది. మొదటి భాగం ఇంకో పళ్ళెంలో ఉండి ఉంటుంది.”

“మరి శుభం పడలేదేంటండి?”

“వాళ్ళ సినిమాల్లో శుభం ఉండదు బాబాయ్. పేర్లు పడి ఊరికే అయిపోతుందంతే.”

సత్తియ్య పళ్ళేన్ని చేతిలోకి తీసుకున్నాడు. నల్ల మిషను కొననందుకు మాత్రం సంతోషించాడు. కొనుంటే అదే రెండో వైపుకు వెళ్ళి, ఆ నీలం తెర ఆమె చూసేది. మిగతా సగం ముందుందనే నమ్మకంతో వెళ్ళిపోయింది, అది మేలే. తనకే ఇప్పుడు మిగతా సగం వెనకుందని తెలిసింది. ఆమె ఓడ ఎందుకెక్కిందో, అన్నేళ్ళూ ఏం తిన్నదో, ఎవరి మీద కోప్పడిందో, ఏ రాత్రి ఏడ్చిందో తను ఏనాడూ అడగలేదు. ఆమె వచ్చేసింది కదా, నెమ్మదిగా అడగొచ్చులే అనుకున్నాడు.

పళ్ళేన్ని చీర ముక్కలో చుట్టుకుని బస్సు కోసం రోడ్డు మీదికొచ్చాడు. మస్కట్లో ఆ ముసలావిడ మంచం పక్కన, ఏ అలమరలోనో, వేసేవాళ్ళు లేని మొదటి పళ్ళెం అట్ట కవరులో నిలబెట్టి ఉండి ఉంటుంది.