దూరం చూడకే తల్లీ

కళ్ళం నిండా ఎరుపు.

ఎండుమిరపకాయల ఎరుపు... గాలి వీస్తే చాలు, ఊరంతా ఒకటే తుమ్ములు.

ఆ ఎండలో నసీమున్నీసా ఒక కన్ను మూసుకుని నడిచేది. ఏడేళ్ల పిల్ల. దగ్గరవి చూస్తే రెండు కళ్ళూ కుదురుగానే ఉండేవి. దూరం చూసిందా — కుడి కన్ను చెవి వైపు జారిపోయేది.

మెల్లకన్ను అదృష్టమని నానమ్మ మురిసేది. అదృష్టమట, అదృష్టం! బళ్ళో పిల్లలు ఏడిపిస్తే ఇంటికొచ్చి గోడకేసి తిరిగి కూర్చునేది ఆ అదృష్టవంతురాలు.

తల్లి అమీర్‌బీ గుండె రాయి చేసుకుంది. గుంటూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించింది.

కట్టు విప్పారు. కన్ను తిన్నగా ఉంది.

"ఇప్పటికి కుదిరిందమ్మా," అంది డాక్టరమ్మ. "కొందరు పిల్లలకు మళ్ళీ పక్కకు పోతుంది. దూరం చూసేటప్పుడు కనిపెట్టి ఉండు. కుట్లు మానేదాకా నులుముకోనివ్వకు."

మళ్ళీ... ఆ ఒక్క మాట అమీర్‌బీతో పాటు బస్సెక్కి ఇంటిదాకా వచ్చింది.

వాకిట్లో ఇరుగూ పొరుగూ.

"ఎంత చక్కగా కుదిరాయే కళ్ళు!" అంది ఎలీసమ్మ.

"బొమ్మలా ఉందే పిల్ల!" అంది వీరమ్మ.

అయ్యో, అంత నోరారా పొగడాలా? అమీర్‌బీకి భయమేసింది. నరుడి కంటికి నాపరాయైనా పగులుతుంది. ఇది పసిపిల్ల కన్ను. నిన్నగాక మొన్న కుట్టిన కన్ను.

అందరూ వెళ్ళగానే గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు తీసుకుంది. పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది.

దిష్టి తగిలి ఉంటే ఘాటు రాదంటారు.

ఘాటు వచ్చింది.

గొంతు పట్టేసే ఘాటు. అంటే దిష్టే లేదు. ఎవరి కన్నూ తగల్లేదు. పాపం ఎలీసమ్మ, పాపం వీరమ్మ.

నసీమున్నీసా కెవ్వుమంది. పిడికిళ్ళతో కన్ను నులిమేసుకుంది.

అమీర్‌బీ పిల్ల చేతులు పట్టుకోబోయి — ఆగిపోయింది. తన చేతుల నిండా కారం! మోచేతులతోనే పిల్లను అదుముకుని వాకిట్లోకి పరుగెత్తింది.

కన్ను చింతనిప్పులా అయింది. నీళ్ళు ఆగడం లేదు. తన వంక చూస్తే మాత్రం తిన్నగానే ఉంది. దగ్గర కదా.

దూరం చూస్తే?

చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. పిల్లను లోపలికి తెచ్చి తలుపు వేసింది. ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నన్నే చూడు తల్లీ... నా మొహమే చూడు. ఎన్నాళ్ళని దాస్తుంది, పిచ్చితల్లి!

పొద్దు వాలింది. నల్లపాడు వైపు నుంచి రైలు కూత వేసింది.

పిల్ల ఒళ్ళోంచి జారింది. తలుపు తోసుకుని గడపలో నిలబడింది. చేలకు అవతల, ఎక్కడో, బారుగా పొగ.

"అమ్మా, రైలు! అదుగో!"

అమీర్‌బీ పరుగున వచ్చి పిల్ల పక్కన చతికిలబడింది. ఇప్పుడు చూడాలి. డాక్టరమ్మ చూడమన్నది ఇప్పుడే.

"చూడవే అమ్మా!"

అమీర్‌బీ రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది.