డిక్కీలో బొటనవేలి గీత

కోడలిగా వచ్చిన నాటి నుంచి పన్నెండేళ్లు కార్లు బాగుచేసే షెడ్డులో మామగారి పక్కన సుత్తి పట్టిన ఆమె, మొదటిసారి ఒక కారును పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. యాభై ఏళ్ల నాటి కారు. యజమాని షరతు ఒక్కటే: ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు బాడీ ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి. పాత కార్ల సంఘం పెద్దాయన చూసి సంతకం పెట్టాలి. పెడితే షెడ్డు తాళాలు ఇక కోడలివేనని మామగారు ఒక మంచి ఘడియలో నోరు జారారు.

ఆమె చేయి సామాన్యమైంది కాదు. ఆమె నున్నగా తేల్చిన తలుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఆ చేయే కొంప ముంచింది. డిక్కీ లోపల రెండు పక్కలా రేకులు అతికేచోట, నీళ్లు దిగకుండా ఫ్యాక్టరీలో సీలెంట్ పూశారు. బ్రష్షుతో కాదు, బొటనవేలితో. ఒకచోట లావు, ఒకచోట సన్నం, చివర తోకలా ఈడ్చుకుపోయింది. ఎవడో బద్ధకస్తుడి పని అనుకుని, కుడివైపుది గీకి పారేసి, స్కేలు పెట్టి గీసినట్టు పూసింది. ఎడమది మర్నాటికి వదిలేసింది.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన తొలి తనిఖీకి వచ్చాడు. ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసినవాడు. తలుపుల సందులు కొలిచి, నాలుగూ ఒకే చప్పుడుతో మూసుకోవడం విని, తృప్తిగా తల ఊపాడు. డిక్కీ ఎత్తి కుడివైపు చూసి మాత్రం ఆగిపోయాడు.

"చాలా బాగుందమ్మా. అదే వచ్చిన చిక్కు. మావాళ్లెవరూ ఇంత బాగా పూయలేదు."

వారం గడువిచ్చి వెళ్లాడు. మూడు రోజులు ఆమె ఎడమ గీతను చూస్తూ కుడివైపు పూసింది, తుడిచింది, మళ్లీ పూసింది. కావాలని వంకర తిప్పినట్టు తెలిసిపోతూనే ఉంది. అద్దం ముందు కూర్చుని ఏడుపు నేర్చుకుంటున్నట్టుందని మామగారు ఎగతాళి చేశారు.

నాలుగో రోజు బింకం మానేసి పెద్దాయనకే ఫోన్ చేసి, అక్కడ అంత అజాగ్రత్త ఎందుకని అడిగేసింది. ఆయన నొచ్చుకోలేదు.

"అజాగ్రత్త కాదమ్మా. ఫ్యాక్టరీలో కారు ఆగేది కాదు, కదులుతూనే ఉండేది. పక్కనే నడుస్తూ, వంగి పూయాలి. ఇరవై సెకన్లు. అంతలో ఇంకో కారు వచ్చేసేది."

ఫోన్ పెట్టేసి ఆమె ఎడమ గీత దగ్గర చాలాసేపు నిలబడింది. బద్ధకస్తుడనుకున్న మనిషి ఇప్పుడు కళ్లకు కట్టాడు. లావైన చోట వంగాడు, సన్నబడిన చోట అడుగు వేశాడు, తోక దగ్గర చేయి అందలేదు. అంత హడావిడిలోనూ సూది దూరేంత సందు వదల్లేదు. యాభై ఏళ్లలో అటువైపు తుప్పు చుక్క లేదు. ఆ పనితనానికి ఆమెకు ముచ్చటేసింది, తను అన్న మాటకు సిగ్గేసింది.

కారు ఎలాగూ చక్రాల బల్ల మీదే ఉంది. భర్తనూ మామగారినీ పిలిచి తోయమంది, ఏమైనా సరే ఆపొద్దంది. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు వాళ్లు తోస్తుంటే, పక్కనే నడుస్తూ, వంగి పూసింది. మొదటిసారి సగం సీలెంట్ ఆమె ముక్కుకే అంటింది. మామగారు పడీ పడీ నవ్వి, బండిని వెనక్కి లాగారు. పదకొండోసారికి ముగ్గురి నడుములూ పడిపోయాయి, గీత మాత్రం కుదిరింది.

గడువు రోజున పెద్దాయన వచ్చాడు. డిక్కీ ఎత్తి, వంగి, కుడి గీత మొదట్లో బొటనవేలు ఆనించి మెల్లగా జరిపాడు. గీత సన్నబడిన చోటికి రాగానే, కారు కదలకపోయినా, ఆయన కాలు దానంతటదే ఒక అడుగు ముందుకు వేసింది.

ఆయన తన కాలి వైపు చూసుకున్నాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

"పక్కనే నడిచావు కదమ్మా."

ఆమె అవునన్నట్టు తల ఊపింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, డిక్కీ మూత దించి, కాగితం దాని మీదే పెట్టి సంతకం చేశాడు. మామగారు జేబులోంచి తాళాలు తీసి ఆ కాగితం పక్కన పెట్టారు.