నీలం డ్రమ్ము నీళ్లు

డ్రమ్ములోకి సగం మనిషి దిగితే గానీ అడుగు కడగడం కుదరదు. ఆ సగం మనిషి ఎప్పుడూ ఆవిడే. మొగుడు పనిచేసే ఫ్యాక్టరీలో బట్టలకు తడి అంటకుండా పూసే మందు తయారవుతుంది. ఖాళీ అయిన నీలం డ్రమ్ముల్ని అక్కడ పాతకాపులకు ఊరికే ఇచ్చేస్తారు. ఆయన ఒకటి మోసుకొచ్చి, రాజ్యం గెలిచొచ్చినట్టు వాకిట్లో దింపి, "కడిగెయ్, తాగే నీళ్లు పట్టుకోవచ్చు" అని కుర్చీలో కూలబడేవాడు. పేరు ఆయనది, నడుము నొప్పి ఈవిడది. సబ్బుపొడి, ఉప్పు, వేడినీళ్లు పోసి వాసన పోయేదాకా తోమేది. వాసన పోతే శుభ్రమైపోయినట్టేనని వీధి మొత్తం నమ్మకం. పక్కింటావిడ తల దూర్చి వాసన చూసి, "నీ చెయ్యి పడితే ఇంక చెప్పాలా వదినా!" అంటే ఈవిడ మురిసిపోయేది కూడాను.

పదిహేనేళ్ల కూతురికి పొద్దున లేచేసరికి మొహం ఉబ్బడం మొదలైంది. "ఆ ఫోనులో మొహం పెట్టుకుని కూర్చుంటే ఉబ్బక ఏమవుతుంది? తల్లి అదుపులో ఉంచితేగా" అంది అత్తగారు. పాదాలకూ వాపు వచ్చాక కూరల్లో ఉప్పెక్కువంది. ఆయనైతే, "నీళ్లు తాగదు, అదే దాని జబ్బు. నువ్వు దగ్గరుండి తాగించాలి" అని తీర్పు చెప్పేశాడు. దగ్గరుండే తాగించింది పిచ్చితల్లి. గ్లాసు పట్టుకుని పిల్ల వెంట గది గదికీ తిరిగింది. "అమ్మా, కడుపు చెరువైపోయింది, కప్పలు అరుస్తున్నాయి" అని నవ్వుతూనే తాగేది పిల్ల.

పరీక్షలు చేస్తే మూత్రంలో ప్రొటీన్ పోతోందని, కిడ్నీలు దెబ్బతింటున్నాయని తేలింది. "కొన్ని ఫ్యాక్టరీ రసాయనాలు కడిగితే పోవు, మరిగిస్తే పోవు. ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఎదిగే పిల్లలకు మరీ చెడ్డవి. మీరు తాగే నీళ్ల సంగతి ఆలోచించి, రేపు వాళ్ల నాన్నను కూడా తీసుకురండి" అంది డాక్టరమ్మ. ఈవిడకు వాకిట్లోని నీలం డ్రమ్ము గుర్తొచ్చింది. తన చేత్తోనే కదా గ్లాసు గ్లాసూ పట్టించింది!

ఇంటికొచ్చి చెప్తే ఆయన మొహం మాడిపోయింది. "డ్రమ్ము మాట ఎత్తావంటే నా ఉద్యోగం ఊడుతుంది. అయినా నువ్వు సరిగ్గా కడిగుండవు."

అలవాటు ఎంత చెడ్డదంటే, ఆ మాటను కూడా ఆవిడ కాసేపు నమ్మింది. ఉప్పు నీ తప్పు, ఫోను నీ తప్పు అని ఇన్నేళ్లూ వినీ వినీ, ఇంట్లో ఏ తప్పు దొర్లినా అది తనదేనేమో అని వెతుక్కోవడం ఆవిడకు అలవాటైపోయింది. ఎప్పుడు ఒళ్లొంచి కడగలేదా అని గుర్తు చేసుకుంటూ బియ్యం కడుగుతుంటే, డాక్టరమ్మ మాట చెవిలో పడ్డట్టయింది. కడిగితే పోవు. కడిగితే పోనిదాన్ని కడగమని ఇచ్చిందెవరు? తెచ్చిందెవరు? ఆవిడకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఎసట్లో పడాల్సిన బియ్యాన్నీ, ఆ నీళ్లనూ కలిపి మోరీలో పారబోసింది.

మర్నాడు డాక్టరమ్మ అడిగీ అడక్కముందే ఆయన అందుకున్నాడు. "మావి కుళాయి నీళ్లే మేడమ్."

పిల్ల తల్లి వైపు చూసింది. ఉబ్బిన రెప్పల కింద కళ్లు సన్నగా ఉన్నాయి.

"కుళాయివేనండీ. పట్టి ఉంచేది మాత్రం వీళ్ల ఫ్యాక్టరీ మందు డ్రమ్ముల్లో" అంది ఆవిడ.

డాక్టరమ్మ రాయడం ఆపింది. "ఇదే కారణమని ఇప్పుడే చెప్పలేను. ముందు ఆ నీళ్లు మానెయ్యండి. మిగతాది పరీక్షల్లో చూద్దాం. ఇలాంటి డ్రమ్ములు ఇంకెవరింట్లోనైనా ఉన్నాయా?"

బల్ల కింద ఆయన చెప్పుకాలు ఆవిడ పాదాన్ని గట్టిగా తొక్కింది. చుట్టాల ముందు, పెద్దవాళ్ల ముందు ఎన్నోసార్లు ఆవిడ నోరు మూయించిన కాలే అది. ఆవిడ తన పాదాన్ని మెల్లగా లాగేసుకుంది.

"మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఉన్నాయండీ" అంది. "ప్రతి ఇంట్లోనూ పిల్లలున్నారు."