ఐదు పాటల దూరం

మంకీ క్యాపులు నాలుగు. మంచం మీద వరసగా పరిచి, ఒక్కొక్కదాని మీద చెయ్యి ఆనించి మూడోసారి లెక్కపెట్టాను. మా ఆయనది, అత్తయ్యగారిది, మా అమ్మాయి యోగితది, నాది. నాలుగే. బీరువా తలుపు మూశానో లేదో మళ్ళీ అనుమానం వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాను.

ఎల్లుండి తెల్లవారుజామున కారులో మహారాష్ట్రలోని తడోబా అడవికి బయల్దేరాలి, పులుల్ని చూడ్డానికి. మా మరిది సుభాష్ హైదరాబాదు నుంచి అంతా బుక్ చేశాడు. వాళ్ళు అటునుంచే వచ్చి అక్కడ కలుస్తారు. టూరు వాళ్ళు పంపిన లిస్టు మొత్తం నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. పైకప్పు లేని జీపు, పొద్దున ఆరింటికి ఏడెనిమిది డిగ్రీల చలి, దానికి తోడు ఎదురుగాలి. అందుకని ఒక్క లావుపాటి స్వెటర్ వేసుకుంటే సరిపోదట. ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద చొక్కా, దాని మీద స్వెటర్, అన్నిటి మీదా గాలి దూరని జాకెట్. ఎండెక్కేకొద్దీ ఒక్కోటీ విప్పుకోవాలి. ఎరుపు, పసుపు, తెలుపు పనికిరావు. ఖాకీ, మట్టి రంగు, ముదురాకుపచ్చ అయితే మంచిది. ఘాటు వాసనలు ఉండకూడదు. దుమ్ముకి మాస్కులు, పెదాలకి క్రీము, బైనాక్యులర్స్.

మామిడితోటల మధ్య ఉండేవాళ్ళం, మాకు ఉన్నిబట్టలు ఎక్కడివి? నూజివీడులో చలికాలమంటే పొద్దున్నే పాలు తెచ్చే మల్లయ్య తలకి చుట్టుకునే తువ్వాలే. బెజవాడ రెండుసార్లు బస్సులో వెళ్ళి, చలికాలంలో వచ్చి స్వెటర్లమ్మే నేపాలీ వాళ్ళ దగ్గర బేరమాడి తెచ్చాను. అత్తయ్యగారు తనది చూసి, "నేనేమన్నా కానిస్టేబుల్నా అమ్మాయ్, ఈ రంగు వేసుకోడానికి?" అన్నారు. అందుకే రెండోసారి వెళ్ళాల్సి వచ్చింది.

కొత్త వాసన పోవాలని అన్నీ ఉతికి, తోటలో షెడ్డు ముందు తీగమీద ఆరేశాను. ఆ మధ్యాహ్నమే మా తోటపని చూసే పెద్దిరాజు, పూత మీదికి తేనెమంచు పురుగు వస్తోందని మందు కొట్టాడు. సాయంత్రానికి స్వెటర్లన్నీ మందు కంపు. "ముందే చెప్పుంటే అటుచివర మొదలెట్టేవాణ్ణి కదండీ అమ్మగారూ" అని పెద్దిరాజు నొచ్చుకున్నాడు. "ఆయనకి మాత్రం చెప్పకు" అని బతిమాలుకున్నాను. అతను నా ముఖం వంక ఒక్కసారి చూసి, ఎందుకని అడక్కుండా వెళ్ళిపోయాడు. అన్నీ మళ్ళీ ఉతికి, గదిలో తాడు కట్టి, ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టాను. ఇప్పుడు కూడా ఒక్కో స్వెటర్నీ ముఖానికి ఆనించుకుని వాసన చూస్తున్నాను. ఏమీ లేదు. ఏమీ లేదనే అనుకుంటున్నాను.

నా భయం పులి గురించి కాదు. బియెస్సీలో జువాలజీ చదివాను, పులి మనిషి కంటపడకుండా తప్పుకు తిరిగే జంతువని నాకు తెలుసు. ఈ పెట్టెల్లో లేకుండా పోయే ఏదో ఒక వస్తువు గురించే నా భయం.

మూడేళ్ళ కిందట అరకు వెళ్ళాం. ఘాట్ రోడ్డు సగం ఎక్కాక అత్తయ్యగారు చలేస్తోందన్నారు. ఆయన ముందు సీట్లోంచి, "అమ్మ శాలువా ఇవ్వు" అన్నారు. సంచులన్నీ వెతికాను. శాలువా ఇంట్లో మంచం మీద మడతపెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. "ఇంట్లో నీకున్న పనేంటి? ఈ ఒక్క పనీ చేతకాదా?" అన్నారు. నేనేదో అన్నాను, సారీ అనే అనుంటాను. కారు పక్కకి తీసి ఆపారు. "దిగు. దిగి ఇంకేం మర్చిపోయావో ఆలోచించుకో." ఊరికే అంటున్నారనుకుని దిగాను. కారు వెళ్ళిపోయింది.

నా ఫోను కారులోనే ఉంది. చేతికి వాచీ ఉండబట్టి ఇరవై రెండు నిమిషాలని తెలుసు. తెల్లటి కిలోమీటరు రాయి పక్కన నిలబడ్డాను. ఒక లారీ నెమ్మదించి, క్లీనరు తల బయటపెట్టి నవ్వాక, మళ్ళీ వెళ్ళిపోయింది. అది వెనక్కి తిరిగి వస్తుందేమోనని రాయి వెనకాల లోయ అంచుకి జరిగాను. కారు వచ్చాక తలుపు తీసి ఎక్కాను. అరకులో ఫోటోలన్నిటిలో నేను నవ్వుతూనే ఉన్నాను.

"రెండు మలుపుల అవతలే ఆగానుగా" అంటారు ఆయన, ఎప్పుడు ఆ మాటొచ్చినా. మా ఇంట్లో అదొక జోకు. నేను కూరలో ఉప్పు మర్చిపోతే "అరకులో వదిలేసి రమ్మంటావా?" అంటారు. మొన్న వీడియో కాల్లో సుభాష్, "వదినా, లిస్టు జాగ్రత్త! ఈసారి మర్చిపోతే అన్నయ్య దింపేది పులుల మధ్య" అన్నాడు. ఆయన పడీ పడీ నవ్వారు. అత్తయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నేనూ నవ్వాను. నా పక్కన కూర్చున్న యోగిత ఒక్కతే నవ్వలేదు. పిల్లకి చదువు ఒత్తిడి అనుకున్నాను. ఏడో తరగతి కదా.

ఇందాక అత్తయ్యగారు గుమ్మంలోంచి తొంగి చూశారు. "కాయలు సర్దినట్టు సర్దాలమ్మాయ్, గట్టివి అడుక్కి, మెత్తవి పైకి. పోయినేడు నువ్వు సర్దిన బంగినపల్లి పెట్టెలో ఒక్క కాయ చితికిందా?" మెచ్చుకోవడమే అది. నిజంగానే నేను సర్దిన పెట్టె ఢిల్లీ వెళ్ళినా కాయ కదలదు. అలాగే సర్దుతున్నాను, బూట్లు అడుక్కి, స్వెటర్ల మధ్య బైనాక్యులర్స్.

చివరికి నా జాకెట్ మడతపెడుతుంటే జేబులో గట్టిగా ఏదో తగిలింది. జిప్పు తీశాను. చిన్న టార్చిలైటు. రెండు బిస్కెట్ పాకెట్లు. యోగితకి స్కూల్లో ఆటలప్పుడు ఇచ్చిన విజిల్. నాలుగు మడతలు పెట్టిన కాగితం. విప్పితే యోగిత గుండ్రటి అక్షరాలు: "నా పేరు భారతి. మాది నూజివీడు. దయచేసి ఈ నంబర్లకి ఫోన్ చెయ్యండి." కింద అదే మాట హిందీలో, రెండు తప్పులతో. తిరునాళ్ళలో తప్పిపోతారని చిన్నపిల్లల జేబుల్లో పెడతారే, అలాంటి చీటీ.

"యోగితా!"

హోంవర్కు పెన్నుతోనే వచ్చింది. మంచం మీద పరిచినవి చూసి ఆగిపోయింది.

"ఇవేంటే?"

"నీకే."

"నాకెందుకు?"

"ఈసారి అడవి కదమ్మా. అక్కడ లారీలు కూడా రావు."

"బాబాయ్ జోక్ చేశాడే పిచ్చిపిల్లా."

"నాన్న కూడా అరకుది జోకే అంటాడుగా."

తలుపు దగ్గరికేశాను. మూడేళ్ళలో ఒక్కసారి కూడా అడగని మాట అప్పుడడిగాను. "ఆరోజు నన్ను దింపాక కారులో ఏం జరిగిందే?"

"ఏం లేదు. కొంచెం దూరం పోయి ఆపాడు. పాటలు పెట్టాడు." పెన్ను మూత తీస్తూ పెడుతూ చెప్పింది. "నేను లెక్కపెట్టుకున్నా. ఐదు పాటలయ్యాయి. ఆరోది మొదలయ్యాక వెనక్కి తిప్పాడు. నానమ్మ జంతికలిచ్చింది. నేను తినలా. ఏడుస్తే నన్ను కూడా దింపేస్తాడని ఏడవలా."

నేను మంచం మీద కూర్చున్నాను, స్వెటర్ల మీదే. కోపంలో కొంతసేపు ఏం చేస్తున్నారో ఆయనకే తెలియలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఐదు పాటలు విన్నారు. ఇంకోటి మొదలుపెట్టారు. వెనక సీట్లో తొమ్మిదేళ్ళ పిల్ల ఊపిరి బిగబట్టి లెక్కపెట్టుకుంది. రోజూ పడుకునేముందు స్కూలు బ్యాగు మూడుసార్లు విప్పి చూసుకుంటుంది యోగిత. ఎంత మంచి అలవాటో అని అందరి దగ్గరా మెచ్చుకున్నాను. అది నా దగ్గర నేర్చుకున్న అలవాటే. కాకపోతే నేను మంకీ క్యాపులు లెక్కపెడుతున్నాను, అది నన్ను లెక్కపెడుతోంది.

మర్నాడు పది గంటలకి రైలు టికెట్లకి తత్కాల్ తెరిచారు. యోగిత వయసు రెండుసార్లు తప్పు కొట్టాను. దొరికాయి, రెండు బెర్తులు. టాక్సీకి ఫోన్ చేసి హిందీలో మాట్లాడాను, నాకూ తప్పులొచ్చాయి. తర్వాత నాలుగు కాగితాలు చింపి, ఎవరి లిస్టు వాళ్ళకి రాసి, ఎవరి పెట్టెమీద వాళ్ళది అంటించాను.

మధ్యాహ్నం ఆయన తోట నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నారు. పప్పు వడ్డించాక చెప్పాను. ముందే చెబితే వడ్డించగలనో లేదో నాకు తెలియలేదు.

"రేపు మీరూ అత్తయ్యగారూ కారులో రండి. నేనూ యోగితా రైల్లో వస్తాం. బెజవాడలో ఎక్కి చంద్రపూర్‌లో దిగుతాం. అక్కణ్ణుంచి అడవికి టాక్సీ మాట్లాడాను."

ఆయన ముద్ద కలపడం ఆపారు. "కారులో చోటు లేదా?"

"ఉందండీ."

"ఆడపిల్లనేసుకుని ఒక్కదానివి రైల్లో పోతావా? భయం వెయ్యదటే?" అన్నారు అత్తయ్యగారు.

"వేస్తుందండీ."

"మరి దారిలో ఇవన్నీ ఎవడు చూస్తాడు? స్వెటర్లు, టాబ్లెట్లు?" ఆయన గొంతు పెరిగింది.

"మీ పెట్టెమీద మీ లిస్టు అంటించాను. చూసుకుని మీరే టిక్ పెట్టుకోండి."

ఆయన నవ్వారు. అత్తయ్యగారి వంక చూశారు, ఆవిడ నవ్వలేదు, మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కున్నారు. "ఓహో, అరకు సంగతా? ఇంకా పట్టుకునే ఉన్నావా దాన్ని? సరే, రైలువాడైనా నిన్ను సరైన చోట దింపుతాడని ఏంటి నమ్మకం?"

ఎడంచేతి గుప్పిట్లో యోగిత విజిల్ అరచేతికి గుచ్చుకుంటోంది. వంటింటి గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది, పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంటూ. ఆ లెక్క ఆగాలి.

"ఎక్కడ దిగాలో టికెట్టు మీద రాసుంటుందండీ" అన్నాను.