పెద్దక్క థీసిస్ వాక్యం

అడిగింది ఒక్క వాక్యం. ఒక్కటంటే ఒక్కటి. దాని కోసం పన్నెండు రోజులుగా పెద్దక్కకు తిండి సయించడం లేదు, కనపడ్డ ప్రతివాళ్ళ మీదా చిరాకు పడుతోంది.

పెద్దక్క ఓ ఆసుపత్రి మూడో అంతస్తులో ఎముకల వార్డు నర్సు. వయసు నలభై ఆరు, సర్వీసు ఇరవై మూడేళ్ళు. డాక్టర్లు కూడా ఆమెను పెద్దక్క అనే పిలుస్తారు. వార్డు ఇన్‌ఛార్జి పోస్టు ఆర్నెల్లుగా ఖాళీ. చాకిరీ అంతా పెద్దక్కదే, కుర్చీ మాత్రం ఆమెది కాదు, ఎందుకంటే ఆ కుర్చీకి డిగ్రీ కావాలి. అందుకే శనివారాలు కాలేజీకి వెళ్ళి, తన కూతురి ఈడు పిల్లల పక్కన బెంచీ మీద ఇరుక్కుని చదివింది. పేపర్లన్నీ గట్టెక్కాయి. ఇక మిగిలింది ఒక్క వ్యాసం. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా అది ఇవ్వకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. ఈలోగా ఆ కుర్చీని ఎవరో ఒకరు తన్నుకుపోతారు.

విషయం తనే ఎంచుకుంది: ఆసుపత్రిలో రోగులు జారిపడటం. తెలిసిన విషయమైతే సులువు కదా అనుకుంది పాపం. వార్డులో ఎవరైనా పడితే నర్సు ఒక ఫారం నింపాలి. రెండేళ్ళలో అలాంటివి ముప్ఫై ఒకటి తేలాయి. వాటికి నకళ్ళు తీసుకోనివ్వడానికి, నర్సులందరికీ పైఅధికారి అయిన మేట్రన్ ఒక షరతు పెట్టింది. వ్యాసం ముందు తను చదవాలి, తను సంతకం పెడితేనే అది కాలేజీకి వెళ్ళాలి.

కాలేజీ మాస్టారికి ముప్ఫై నిండవు. తప్పు చెప్పేటప్పుడు కూడా నవ్వుతాడు. పెద్దక్కకు ఒళ్ళు మండేది అక్కడే.

"వ్యాసం మొత్తం దేన్ని రుజువు చేస్తుందో ముందే ఒక్క వాక్యంలో చెప్పెయ్యాలండీ. దాన్నే థీసిస్ స్టేట్‌మెంట్ అంటాం. అది గట్టిగా ఉంటే మిగతాదంతా దాని వెనకాలే నడుస్తుంది" అన్నాడు మొదటి రోజు.

పెద్దక్క రాసుకెళ్ళింది: 'ఈ వ్యాసంలో రోగులు జారిపడటం గురించి చర్చిస్తాను.'

"దేని గురించో తెలిసింది. కానీ మీరేమంటున్నారో తెలియలేదండీ."

మళ్ళీ రాసింది: 'రోగులు జారిపడటం తీవ్రమైన సమస్య.'

"దీన్ని కాదనేవాళ్ళెవరు? జారిపడితే ఒంటికి మంచిదని ఎవరూ అనరు కదా. ఎవరో ఒకరు కాదని వాదించగలగాలి, మీరు వాళ్ళకి జవాబు చెప్పగలగాలి."

మూడోసారి నాలుగు పుస్తకాలు తిరగేసి మరీ రాసింది: 'రోగులు జారిపడటానికి అనేక కారణాలు ఉన్నట్టు కనిపిస్తోంది.' మాస్టారు చివరి మాట చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు.

"ఎవరికండీ కనిపిస్తోంది?"

"నాకే సర్."

"ఉన్నట్టు కనిపిస్తోందా, ఉన్నాయా?"

"అలా తేల్చి రాయకూడదు సర్."

"ఎవరు చెప్పారు?"

ఎవరు చెప్పారంటే ఏం చెప్పాలి? శిక్షణలో మొదటి ఏడాదే చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పారు. రోగి కళ్ళు మూసుకుని గురకపెడుతున్నా సరే, చార్టులో 'నిద్రపోతున్నాడు' అని రాయకూడదు, 'నిద్రపోతున్నట్టు కనిపిస్తున్నాడు' అని రాయాలి. కాలు విరిగి వంకరపోయినా 'కాలు విరిగింది' అనకూడదు, 'నొప్పిగా ఉందని రోగి చెబుతున్నారు' అనాలి. తేల్చడం డాక్టరు పని, చూసింది రాయడం నర్సు పని. ఇరవై మూడేళ్ళు అలా రాసీ రాసీ ఆ భాష ఇంట్లోకి కూడా వచ్చేసింది. పొయ్యి మీద కూర మాడితే "మాడినట్టు వాసన వస్తోంది" అంటుంది. ఆమె మొగుడు టైలరు, కత్తెరలాంటి నోరు. "నువ్వు తేల్చేలోపు గిన్నె కూడా కరిగిపోతుందే" అంటాడు.

బుధవారం పొద్దున కూతురు కాఫీ తాగుతూ తల్లి రాసుకున్న కాగితాలన్నీ తిరగేసింది.

"అమ్మా, ఇవన్నీ గోడమీద పిల్లి వాక్యాలే. అటూ దూకవు, ఇటూ దూకవు."

"చదివింది చాలు, కాలేజీకి టైమవుతోంది."

"కాదు, విను. ఇది చదివి ఎవరికి కోపం రావాలి? అది ఆలోచించు."

"కోరి కోరి ఎవరికైనా కోపం తెప్పిస్తారా?"

"నాకు తెప్పిస్తున్నావు కదా పొద్దున్నించీ."

పెద్దక్క చేతిలోని డబ్బా మూతను ఠంగుమని గట్టు మీద పడేసింది. "అంత తెలిసినదానివి నువ్వే రాసిపెట్టు. డ్యూటీ చేసొచ్చి, వంట చేసి, ఈ వయసులో ఒక్క వాక్యం కోసం ఆ కుర్రాడి ముందు చేతులు కట్టుకు నిలబడేది నేను." అన్న మరుక్షణం సిగ్గేసింది. పిల్ల ఏం తప్పు మాట్లాడిందని? తనకి రావడం లేదు, అంతే. రాకపోవడం ఎంత అవమానమో ఇన్నేళ్ళ తరవాత మళ్ళీ తెలిసొస్తోంది.

గురువారం ఆమెకు సెలవు. భోజనాల బల్ల తుడిచి ముప్ఫై ఒక్క ఫారాలూ పరిచింది. కారణం అన్న గడి ఆమెకు కంఠతా వచ్చు. ఇరవై ఎనిమిదింట్లో ఒకటే మాట: 'రోగి పిలవకుండా లేచారు.' ప్రతి మంచానికీ గంట ఉంటుంది, నొక్కితే నర్సు వస్తుంది. నొక్కకుండా సొంతంగా లేచి పడ్డారు, తప్పు రోగిదే అని దాని భావం. ఎవరైనా పడ్డప్పుడల్లా 'ఒంటరిగా లేవవద్దు' అని గోడకి ఇంకో కాగితం అంటిస్తారు. ఇప్పటికి గోడ కనపడకుండా పోయింది.

విసుగుతో పక్క గడి చదివింది. జారిపడిన సమయం. రెండూ పది. ఒంటిగంటా యాభై అయిదు. రెండూ అయిదు. రెండూ ఇరవై. పెద్దక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఎప్పుడూ ఒక్కో ఫారం నింపి ఫైల్లో పెట్టడమే గానీ, అన్నీ పక్కపక్కన పెట్టి చూసిన పాపాన పోలేదు. ముప్ఫై ఒకటిలో పంతొమ్మిది, మధ్యాహ్నం ఒకటీ ముప్పావుకీ రెండున్నరకీ మధ్యే.

ఆ టైములో ఏం జరుగుతుందో ఆమెకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. డ్యూటీ మారుతుంది. పొద్దుటి నర్సులూ మధ్యాహ్నం నర్సులూ అందరూ డెస్కు చుట్టూ చేరి, ఒక్కో మంచం సంగతీ అప్పజెప్పుకుంటారు. గంట మోగితే వీళ్ళు వెళ్తారని వాళ్ళూ, వాళ్ళు వెళ్తారని వీళ్ళూ అనుకుంటారు. పదిమంది ఉంటారు, ఒక్కరూ కదలరు.

పదిహేడో ఫారం తన చేతిరాతే. తొమ్మిదో మంచం పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవరు. తుంటికి ఆపరేషనై అప్పటికి నాలుగు రోజులే అయింది, మళ్ళీ అదే తుంటి విరిగింది. పెద్దక్క ఆ ఫారాన్ని తీసి అడుక్కి పెట్టింది. కాసేపటికి ఎలాగో మళ్ళీ పైకి వచ్చింది. మళ్ళీ అడుక్కి తోసింది.

అప్పుడు కాగితం లాక్కుని గబగబా రాసింది: 'రోగులు పిలవకుండా లేవడం వల్ల పడిపోవడం లేదు, డ్యూటీ మారే వేళలో పిలిచినా మేము వెళ్ళకపోవడం వల్ల పడిపోతున్నారు.'

మాస్టారికి ఫోన్ చేసి చదివింది.

"దీన్ని కాదనేవాళ్ళు ఉన్నారాండీ?"

"బోలెడుమంది సర్."

"అయితే ఇదేనండీ. ఇక కూర్చుని వాళ్ళకి జవాబు చెప్పండి, వ్యాసం అదే వస్తుంది."

నిజంగానే వచ్చింది. సాయంత్రానికల్లా తొమ్మిది పేజీలు. పన్నెండు రోజుల తరవాత ఆ పూట పెద్దక్క కడుపునిండా అన్నం తింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి మేట్రన్ గదిలోకి వెళ్ళింది. పెద్దక్కకు పని నేర్పింది ఆవిడే. మొదటి పేజీ చదవగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"రుజువేమిటి?"

"టైములు చూడండి మేడమ్. పంతొమ్మిది."

"ఆ టైముకి పడ్డారు, సరే. పిలిచారని ఎక్కడుంది?" మేట్రన్ మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, బీరువా తెరిచి అసలు ఫారాల ఫైలు తీసి, ఒక్కొక్కటే తిప్పుతూ పదిహేడో దాని దగ్గర ఆగింది. "ఇదెవరి రాత?"

"నాదే."

"చదువు."

పెద్దక్క చదవలేదు. మేట్రనే చదివింది. "రోగి పిలవకుండా లేచారు. కింద నీ సంతకం. రేపు నీ వ్యాసాన్ని కాదనడానికి ఎవరో రానక్కర్లేదు, నీ సంతకమే చాలు. ఈ ఫారం నిజమా, నీ వాక్యం నిజమా? రెండూ నిజం కాలేవు కదే."

కాదనేవాళ్ళు ఉండాలన్నాడు మాస్టారు. ఆ కాదనేది తనే అవుతుందని చెప్పలేదు.

మేట్రన్ గొంతు తగ్గించింది. ఆవిడ చెడ్డది కాదు, రిటైర్మెంటుకి దగ్గరపడి గొడవలంటే భయపడే మనిషి. "చూడు, నువ్వు ఆ కుర్చీలో కూర్చుంటే చూడాలని నాకూ ఉంది. 'కొన్ని సందర్భాల్లో' అని చేర్చు. 'వెళ్ళకపోవడం వల్ల' అన్నచోట 'వెళ్ళడంలో ఆలస్యం కూడా ఒక కారణం కావచ్చు' అని మార్చు. ఇప్పుడే సంతకం పెడతాను, అయిదింటిలోగా ఇచ్చేసి రా."

పామూ చావదు, కర్రా విరగదు. రెండు మాటలు మారిస్తే చాలు, అందరూ సుఖం. అలాంటి మాటలు పెద్దక్కకు వెన్నతో పెట్టిన విద్య. పెన్ను కూడా తీసింది. కానీ ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. మేట్రన్ మీద కాదు, మాస్టారి మీద కాదు. ఇంత బాగా తప్పించుకోవడం వచ్చిన తన చేతి మీద.

"ఫారం అబద్ధం మేడమ్."

"నీకెలా తెలుసు?"

"గంట నాలుగుసార్లు మోగింది. నేను విన్నాను. అప్పుడు పదకొండో మంచం సంగతి అప్పజెబుతున్నాను. అది అయ్యాక వెళ్దాంలే అనుకున్నాను."

మేట్రన్ మళ్ళీ కళ్ళజోడు తీసింది.

"కుర్చీ మాట దేవుడెరుగు, దీనివల్ల ఉన్న ఉద్యోగానికే ఎంక్వయిరీ వస్తుంది."

"వస్తుంది మేడమ్."

మేట్రన్ కళ్ళజోడు పెట్టుకుని వ్యాసం మొదటి పేజీ మీద సంతకం చేసింది. తరవాత ఆ పదిహేడో ఫారాన్ని పెద్దక్క వైపు తిప్పింది.

ఆసుపత్రి కాగితాల్లో తప్పు రాస్తే దాన్ని చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. పాత మాట చదవడానికి వీలుగా ఒకే ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాయాలి. ఎన్నో ఏళ్ళుగా కొత్త పిల్లలకి పెద్దక్కే ఈ పాఠం చెబుతోంది. స్కేలు పెట్టి గీత కొట్టింది. పైన ఖాళీ తక్కువగా ఉండటంతో చిన్న అక్షరాలతో రాసింది: 'రోగి నాలుగుసార్లు పిలిచారు. నేను వెళ్ళలేదు.'

కింద సంతకం చేసి, ఆ రోజు తేదీ వేసింది.